ఏమీ కొననక్కర్లేదు, చూసి వెళ్లండి

ఎదురుగా జనం వస్తుంటే అంగళ్లు మూసుకోవడం బందుల రోజుల్లో చాలాసార్లు చూశాను. అప్పుడు ముందు నడిచేవాళ్ల చేతుల్లో కర్రలుండేవి. ఈసారి వచ్చినవాళ్ల చేతుల్లో నీళ్ల సీసాలు, కెమెరాలు తప్ప ఏమీ లేవు. పైగా వాళ్లను పిలిచింది మేమే.

ఆదివారం పొద్దున్నే పుంగనూరు పాత బజారు వీధి మొదట్లో బెంగళూరు నుంచి వచ్చిన చిన్న బస్సు ఆగింది. ముప్పై మంది దాకా దిగారు. వీధికి ఈ చివర నుంచి ఆ చివర దాకా మామిడి తోరణాలు కట్టాం. నీళ్లు చల్లి ముగ్గులు వేయించాం. మొదటి అంగడి పసుపు కుంకుమలది. జనం దగ్గరికి రాగానే ఆ అంగడాయన లేచి నిలబడ్డాడు. దండం పెడతాడనుకున్నాను. ఆయన గోడకు ఆనించి ఉన్న చెక్కపలక ఒకటి తీసి గుమ్మం గాడిలోకి జరిపాడు. తర్వాత రెండోది. తర్వాత మూడోది.

ఆ వీధిలో సగం అంగళ్లకు ఇప్పటికీ ఇనుప షట్టర్లు లేవు. నిలువు పలకల్ని ఒకదాని పక్కన ఒకటి జరిపి మూస్తారు. పలక పలకకూ టక్కుమని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు బెల్లం అంగడికి పాకింది, ఎదురుగా ఉన్న గాజుల అంగడికి పాకింది, తాళ్లు, పశువుల గంటలు అమ్మే అంగడికి పాకింది. వచ్చినవాళ్లు ఇదేదో తమ కోసం చేస్తున్న ప్రదర్శన అనుకుని ఆనందంగా వీడియోలు తీసుకుంటున్నారు.

నా పక్కన నిలబడిన ఇత్తడి అంగడాయన ముఖం మాత్రం పాలిపోయింది.

"ఏమప్పా ఇది? యాల మూస్తాండారు?" అన్నాడు.

నాకేం తెలుసు? వీళ్లను పిలుస్తూ కరపత్రం రాసింది నేనే అయినా, ఆ క్షణంలో నాకూ అర్థం కాలేదు.

ఈ వీధి పండగ ఆలోచన ఆయనదే. ఆయన అంగడి వీధికి ఆ చివర ఉంటుంది. జమీందారుల కాలం నాటి కట్టడం. కింద అంగడి, పైన ఇల్లు, ముందు టేకు స్తంభాలు, మేడ మీద వీధిలోకి తొంగిచూసే చెక్క వసారా. నేను మదనపల్లెలో ఉంటూ పత్రికకు పుంగనూరు వార్తలు కూడా రాసే రోజుల్లో, బస్సు దిగి ఆ అంగడి అరుగు మీద కూర్చుని వార్త రాసుకునేవాణ్ణి. ఫ్యాను గాలి, మజ్జిగ, ఊరి కబుర్లు అన్నీ అక్కడే దొరికేవి. తహసీల్దారు చెప్పని సంగతి కూడా ఆ అరుగు మీద ఎవరో ఒకరు చెప్పేవారు.

ఆ అన్నదమ్ములు ఇద్దరు. పెద్దాయన ఎప్పుడో మదనపల్లె వెళ్లి టమోటా మండీ పెట్టుకున్నాడు. చిన్నాయన ఇత్తడి బిందెల్ని, చెంబుల్ని నమ్ముకుని ఇక్కడే ఉండిపోయాడు. ఇత్తడిని ముందు స్టీలు కొట్టింది, తర్వాత ప్లాస్టిక్ కొట్టింది. ఇప్పుడు పెళ్లిళ్లకు, పూజలకు తప్ప ఎవరూ రారు. ఇంతలో ఒక బిల్డరు వచ్చాడు. మొత్తం పడగొట్టి మూడంతస్తులు లేపుతానన్నాడు. కింద ఫోన్ల షోరూం, పైన కోచింగు సెంటరు. పెద్దాయనకు నచ్చింది. సగం వాటా ఆయనది. బిల్డరు మనిషి ఒకడొచ్చి టేపు పట్టి కొలిచి, ముందు స్తంభం మీద ఎర్ర రంగుతో అడ్డంగా ఒక గీత గీసి పోయాడు. ఆ గీతను చిన్నాయన భార్య కిరోసిన్ గుడ్డతో తుడిచి చూసింది. పోలేదు.

"ఈ ఇల్లు పోతే మేం యాడికి పొయ్యేది?" అని ఆమె అడిగిందట బావగారిని. పెద్దాయన చెడ్డవాడేం కాదు. లెక్క మనిషి, అంతే. "ఈ ఈదికి బయట జనం వస్తారని సూపీండి. వస్తే ఉంచుదాం. రాకుంటే ఆషాఢం పోతానే పని మొదులుపెడదాం" అన్నాడట. మాట మాటే. ఆయన మండీలో వేలం పాట కూడా అట్లాగే ముగిస్తాడు.

చిన్నాయన ఆ మాట పట్టుకుని మదనపల్లెలో మా ఇంటికి వచ్చాడు. జనాన్ని ఎట్లా రప్పించాలో పత్రికలవాళ్లకు తెలిసి ఉంటుందని ఆయన నమ్మకం. జనం వచ్చాక ఎంతమంది వచ్చారో రాయడం తప్ప నాకేమీ తెలియదని చెప్పాను. వినలేదు.

అరుగు మీద మీటింగు పెట్టాం. వీధిలోని అంగళ్లవాళ్లంతా వచ్చారు. బెల్లం అంగడాయనది మొదటి మాట.

"గంగమ్మ జాతర పొద్దు ఈ ఈదిలో కాలు పెట్టను సందుండాదా? మళ్లీ జనాన్ని పిలిసేదేంది?"

"జాతరకొచ్చినోళ్లు మన అంగళ్లు సూస్తారా? అమ్మను సూస్తారు, పోతారు" అన్నాడు తాళ్ల అంగడాయన.

"సరే, వీళ్లొచ్చి ఏం సూస్తారంట?"

"మన స్తంభాలు. మన పలకల తలుపులు. మన మేడలు" అన్నాడు చిన్నాయన.

"అయ్యో నాయనా. మా పెండ్లాము పొయినేడు నుంచీ ఆ పలకలు తీసేసి షట్టరు పెట్టమని పోరు పెడతాండాది. దాన్ని సూసేదానికి బెంగుళూరు నుంచి వస్తారా?"

వస్తారని చెప్పింది కురబలకోట దగ్గరి రైతుల ఇంటి అమ్మాయి. బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. సెలవు రోజుల్లో అక్కడి పాత పేటల్లో జనాన్ని నడిపించి, వీధుల కథలు చెబుతుంది. ఒక బస్సు జనాన్ని తీసుకొస్తానంది. రెండు షరతులు పెట్టింది. పొద్దున్నే నడవాలి, ఎండ ముదరకముందే, వెలుతురు బాగుంటుంది. రెండోది, అంగళ్లవాళ్లు మీద పడి అమ్మకూడదు.

"మావాళ్లకు అదే భయం సార్. లోపలికి పిలిచి చీర మడతలు విప్పి ముందేస్తారు, మొహమాటానికి కొనాల్సి వస్తుందని" అంది.

ఇందులో తప్పేముందని నేనే కరపత్రంలో పెద్ద అక్షరాల్లో రాశాను: ఏమీ కొననక్కర్లేదు, చూసి వెళ్లండి. అరుగు మీద చదివి వినిపించాను. అందరూ బాగుందన్నారు. మర్యాదగా ఉందని గాజుల అంగడి సాయిబు మెచ్చుకున్నాడు కూడా.

అచ్చు వేయించడానికి కుప్పం వెళ్లాను. అక్కడ నాకు పాత స్నేహితుడి ప్రెస్సు ఉంది. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే చోట తప్పుల్లేకుండా వేస్తాడు. గుడుపల్లె మనిషి. ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి తమిళంలో తిప్పి కన్నడంలో ముగిస్తాడు. మూడు భాషల్లోనూ అదే మాట కొట్టించి నాకు ప్రూఫు చూపిస్తూ అన్నాడు:

"ఏమప్పా, ఇంత మంచి మాట ఎవురు రాసినారు? వ్యాపారం సేసే ఈదికి పిలిసి, కొనాల్సిన పని లేదంటాండారే!"

"మర్యాదకు."

"మర్యాద సరే. అంగళ్లోళ్లు ఒప్పినారా?"

"అందరూ ఒప్పుకున్నారు."

"అట్లయితే మీ పుంగనూరోళ్లు దేవుళ్లు. మా కుప్పంలో అయితే కొట్టేవాళ్లు." మూడు భాషల్లోనూ ఆ మాట ఇంకాస్త పెద్ద అక్షరాల్లో వేశాడు. స్నేహం కొద్దీ.

ఇక ఆవు సంగతి. పుంగనూరు అంటే పొట్టి ఆవు అని దేశమంతా తెలుసు. బెంగళూరువాళ్లు స్తంభాల గురించి ఒక్క ప్రశ్న అడిగితే ఆవు గురించి పది అడుగుతారని ఆ అమ్మాయి ముందే చెప్పింది. చిక్కేమిటంటే, పుంగనూరులో పుంగనూరు ఆవును చూపించడం అంత తేలిక కాదు. ఊళ్లో అడిగితే ఒకరు తిరుపతిలో చూశామన్నారు, ఒకరు టీవీలో చూశామన్నారు. చివరికి చౌడేపల్లె దగ్గర ఒకాయన ఇంట్లో ఉందని తెలిసింది. ఆదివారం పొద్దున ఆటోలో తెస్తానన్నాడు. ఆవును ఆటోలో ఎట్లా తెస్తావని అడిగితే, "మనుసులు పదిమంది ఎక్కే ఆటోలో ఇది ఎక్కదా?" అన్నాడు.

అన్నీ కుదిరాయి. తోరణాలు, ముగ్గులు, కరపత్రాలు, ఆవు. ఒక్కటే ఎవరికీ తట్టలేదు. అది తట్టినప్పుడు అంగళ్లు మూసుకుంటున్నాయి.

కనిపెట్టింది ఇత్తడి అంగడాయన భార్య. వీధి మధ్యలో నిలబడి పలకల చప్పుడు విని, గబగబా నా దగ్గరికి వచ్చింది.

"బోణీ కాలేదన్నా" అంది.

"అయితే?"

"అయితే ఏంది? తెల్లారి అంగడి తీసి దీపం పెట్టి కూసున్నారు. ఇంకా ఒక రూపాయి బేరం గాలే. ఇప్పుడు ఇంతమంది లోపలికొచ్చి, అంతా తిరిగి సూసి, వట్టి సేతుల్తో పోతే? మొదటొచ్చినోడు కొనకుండా పోతేనే ఆ పొద్దంతా అంగడి ఏడస్తాది. ముప్పై మంది పోతే ఆ అంగడి ఏడాది కోలుకుంటాదా? కొననక్కర్లేదని మీరే గదా రాసినారు!"

పసుపు కుంకుమల అంగడాయన మిగిలిన సందులోంచి తల బయటపెట్టాడు. "తప్పుగా అనుకోవాకండి సార్. బోణీ అయినాక ఎంతమందైనా రానీండి, మేడెక్కి సూసుకోనీండి. అంతదాకా ఓపిక పట్టమనండి."

"మీటింగులో ఎందుకు చెప్పలేదు?"

"మీటింగు సాయంత్రం గదా పెట్టినారు. అప్పటికి బోణీ అయ్యుండె."

సాయంత్రం కూర్చున్న వ్యాపారికి పొద్దుటి భయం గుర్తురాదు. పెద్ద అక్షరాల్లో రాసుకున్న నాలాంటివాడికి అసలే గుర్తురాదు.

వచ్చినవాళ్లనే తలా ఒకటి కొనమని అడుగుదామని చిన్నాయన అన్నాడు. కురబలకోట అమ్మాయి ఒప్పుకోలేదు. వాళ్లకు మాటిచ్చానంది. సాయిబు కూడా తల అడ్డంగా ఊపాడు. "అడుక్కుంటే అది బోణీ ఎట్లయితాదమ్మా? పైగా వాళ్లంతా డబ్బులు ఫోన్లో కొడతారు. బోణీ సేతిలో పడాల."

ఇత్తడి అంగడి ఆమె అప్పుడు ఇంట్లోకి పరుగెత్తి గుడ్డసంచీ తెచ్చింది. "నేను ముందు పోతాను. మీరు వాళ్లను నా వెనకాల నిదానంగా తీసుకరాండి" అని ఆ అమ్మాయికి చెప్పింది.

పసుపు కుంకుమల అంగడి ముందు నిలబడి చిటికెడు కుంకుమ పొట్లం కట్టించుకుంది. డబ్బు చేతిలో పడగానే ఆయన కళ్లకద్దుకుని, గల్లాపెట్టెకు తాకించి, పలకలు తీయడం మొదలుపెట్టాడు. బెల్లం అంగడిలో ఒక అచ్చు. గాజుల అంగడిలో అరడజను మట్టిగాజులు. తాళ్ల అంగడిలో ఆమెకు పనికొచ్చేది ఏదీ లేదు. కాసేపు చూసి ఒక పశువుల గంట కొంది.

"గొడ్డుందా మీకు?" అన్నాడు అంగడాయన.

"మా ఆయన మెడకు కడతాను. యాడికి పొయ్యేదీ తెలుస్తాది" అంది.

వీధంతా నవ్వింది. నవ్వుతో పాటే పలకలు తెరుచుకుంటూ వచ్చాయి. ఆమె సంచీ ఊపుకుంటూ ముందు, ఆ వెనక ముప్పై మంది. తెరిచిన ప్రతి అంగడిలోకీ వెళ్లి చూసి, మేడలెక్కి దిగి, ఫొటోలు తీసుకుని వస్తున్నారు. దర్జీ దగ్గర ఆమె రవికె హుక్కు ఒకటి కుట్టించుకుంది. సెలూన్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది.

"ఈడ నేనేం సేసేది?"

మంగలాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, లోపలికి ఎవరూ రాకుండా చెయ్యి అడ్డం పెట్టి. పాతకాలపు తిరుగుడు కుర్చీ, నిలువుటద్దం లోపల ఉన్నాయి. అందరూ వాటిని చూడాలని తొంగిచూస్తున్నారు. ఆమె గుంపును ఒకసారి కలయజూసి, దట్టమైన గడ్డం ఉన్న ఒకాయన చెయ్యి పట్టుకుంది.

"రా నాయనా, కూసో. ఈ ఈది మర్యాద నీ గడ్డం మీద ఆధారపడి ఉండాది."

ఆయనకు తెలుగు రాదు. కానీ కుర్చీ అర్థమైంది. నవ్వుతూ వెళ్లి కూర్చున్నాడు. కత్తెర ఆడుతుంటే బయటి నుంచి తోటివాళ్లు చప్పట్లు కొట్టారు. బయటికొచ్చిన మనిషిని వాళ్లావిడ ఒక నిమిషం పరీక్షగా చూసి, ఇట్లాగే ఉంచుకోమంది.

చివర మిగిలింది ఆమె సొంత అంగడి. దాని పలకలు పొద్దుటి నుంచీ తీసే ఉన్నాయి. పిలిచినవాళ్లే మూసుకుని కూర్చోలేరు కదా. కానీ అక్కడా బోణీ కాలేదు. ఇంటివాళ్లు కొంటే బోణీ లెక్కలోకి రాదు. వీధికంతా బోణీ చేసిన మనిషి తన గుమ్మం దగ్గరికొచ్చి, గుడ్డసంచీ పట్టుకుని అట్లా నిలబడిపోయింది. వెనకాల ముప్పై మంది లోపలికి వెళ్లారు. స్తంభాల్ని నిమిరి చూశారు. చెక్క వసారాలోకి ఎక్కి వీధిని ఫొటోలు తీశారు. ఒకామె ముందు స్తంభం మీది ఎర్ర గీత చూపించి, ఇదేమిటని అడిగింది. కురబలకోట అమ్మాయి చిన్నాయన వైపు చూసింది. ఆయన నేల చూశాడు.

"ఇల్లు కొలిచిన గుర్తు" అని కన్నడంలో జవాబు వచ్చింది, వెనక నుంచి.

పెద్దాయన. మండీ పని ముగించుకుని వచ్చినట్టున్నాడు. పంచె అంచుకు టమోటా మరకలున్నాయి. ఎంతసేపటి నుంచి అక్కడున్నాడో తెలియదు. ఆ ఆడమనిషి ఎందుకు కొలిచారని అడగలేదు. చాలా అందంగా ఉంది ఇల్లు, అని మాత్రం అంది. ఆయన తల ఊపాడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చుట్టూ ఒకసారి చూశాడు. అంత జనాన్ని ఆ ఇంట్లో ఆయన చూసింది ఆఖరుసారి తన పెళ్లిలోనే అయి ఉంటుంది.

"బోణీ అయ్యిందా?" అన్నాడు తమ్ముణ్ణి.

"కాలేదన్నా."

పెద్దాయన అరలోంచి ఒక ఇత్తడి చెంబు తీసుకుని, జేబులోంచి నోటు తీసి బల్ల మీద పెట్టాడు. "తీసుకో."

చిన్నాయన చెయ్యి చాచలేదు. "నీ అంగట్లో నువ్వు కొనేదేందన్నా?"

"జనం సూస్తాండారు. తీసుకోరా."

అప్పుడు ఆమె గుమ్మంలోంచే అంది, "బయటోళ్లు సేస్తేనే బోణీ, బావా. మీరు బయటోళ్లా?"

అంగట్లో తెలుగు తెలిసినవాళ్లమంతా పెద్దాయన వైపు తిరిగాం. చెప్పుకోవాలంటే చిన్న మాటే. కానీ తమ్ముడు ఆ నోటు గల్లాపెట్టెలో వేసుకుంటే అన్న గిరాకీ అయిపోతాడు, అంగడి ఆయనది కాకుండా పోతుంది. తిరిగిచ్చేస్తే ఇంటిమనిషే అన్నట్టు. ఇంటిమనిషి ఇల్లు పడగొట్టమంటే ఎదురు చెప్పడం ఇంకా కష్టం. పెద్దాయన మరదలి వైపు చూడలేదు. నోటు మీద తూకం రాయి ఒకటి ఎత్తిపెట్టాడు, ఫ్యాను గాలికి ఎగరకుండా.

"ఆవు వస్తాదన్నారే, యాడుండాది?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఆటో వచ్చింది. అందులోంచి ఆవు తల బయటపెట్టి, దిగనని మొండికేసింది. జనమంతా ఇత్తడిని, స్తంభాల్ని వదిలేసి అటు పరుగెత్తారు. పెద్దాయన కూడా చెంబు చేత్తో పట్టుకునే వెళ్లాడు. ఆవును దింపడానికి ఆయనే తలపాగా బిగించి పూనుకున్నాడు. ఆవు ఆయన పంచె అంచు నాకింది. టమోటా రుచి తగిలినట్టుంది, వదల్లేదు. ఆ ఫొటోనే బెంగళూరువాళ్లు అన్నిటికంటే ఎక్కువమందికి పంపుకున్నారని ఆ అమ్మాయి తర్వాత చెప్పింది.

మధ్యాహ్నానికి బస్సు వెళ్లిపోయింది. వెళ్లేముందు ఎవరూ చెప్పకుండానే తలా ఒకటీ కొన్నారు. బెల్లం అంగడిలో అచ్చులు అయిపోయాయి. పశువుల గంటలు ఇళ్లల్లో తలుపులకు కట్టుకుంటారట, అవీ అయిపోయాయి. ఇత్తడి అంగట్లోనూ ఒక దీపపు సెమ్మె, రెండు చెంబులు అమ్ముడుపోయాయి. బోణీ కాకుండానే బేరం జరిగిందా, పెద్దాయన చేసిందే బోణీనా అని వీధిలో రెండు పక్షాలున్నాయి. పసుపు కుంకుమల అంగడాయన ఒక పక్షం, సాయిబు ఒక పక్షం.

మరో బస్సు తెస్తానని, ఈసారి ఎండకు ఓర్చుకుంటామని కురబలకోట అమ్మాయి చెప్పింది. మళ్లీ కుప్పం వెళ్లాను.

"ఈ తూరి ఏమి మార్చాల? కొనండి అని రాద్దామా?" అన్నాడు ప్రెస్సాయన, ముసిముసిగా.

"ఆ మాట అట్లాగే ఉండనీ. టైము పదిన్నర అని మార్చు."

"దేవుళ్లే మీ పుంగనూరోళ్లు" అన్నాడు మళ్లీ.

ఆషాఢం పోయింది. శ్రావణం వచ్చింది. బిల్డరు పెద్దాయనకు ఫోన్లు చేస్తూనే ఉన్నాడట. టమోటా కోతల మీద ఉన్నానని ఆయన ఫోను పెట్టేస్తున్నాడట. మొన్న పుంగనూరు వెళ్లినప్పుడు అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాను. ఎర్ర గీత స్తంభం మీద అట్లాగే ఉంది. నోటు తూకం రాయి కింద అట్లాగే ఉంది. చిన్నాయన దాన్ని గల్లాపెట్టెలో వెయ్యలేదు, అన్నకు తిరిగివ్వనూ లేదు. పెద్దాయన ఇల్లు పడగొట్టమని చెప్పలేదు, వద్దని కూడా చెప్పలేదు.